రెండు ఊళ్ల నడుమ మనుబోలు

చరిత్ర అనగానే కోటలూ, యుద్ధాలూ, రాజులూ మన మనసులో మెదులుతారు. అవేవీ లేని ఊరికి చరిత్ర లేదా? మనుబోలునే తీసుకుందాం. ఉత్తరాన నెల్లూరు, దక్షిణాన గూడూరు, నడుమ మనుబోలు. పట్నమనడానికి చాలదు, వట్టి పల్లె అంటే ఒప్పుకోదు.

ఈ ఊరి కథ దారుల కథే. 1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గం పూర్తయింది. ఆ మార్గంలో మనుబోలు ఒక స్టేషను. మద్రాసు–కలకత్తా రోడ్డు కూడా ఇటే. అయిదో నెంబరు జాతీయ రహదారిగా పేరుపొందిన ఈ రోడ్డుకు 2010లో పదహారో నెంబరు వచ్చింది. అయితే దారి మనుషులను తెచ్చినంత సులువుగా తీసుకునీ పోతుంది. పెద్ద చదువుకూ, పెద్ద జబ్బుకూ, పెళ్లి బట్టలకూ నెల్లూరే. ఎక్స్‌ప్రెస్ బండ్లు మన ఊరి బోర్డు చదివే వ్యవధి కూడా ఇవ్వక దాటిపోతాయి.

1985లో రాష్ట్రమంతటా మండలాలు ఏర్పడినప్పుడు మనుబోలు మండల కేంద్రమైంది. తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన రైతుకు ఒక్క సంతకం దగ్గరవడం చిన్న సంగతి కాదు. 2022లో గూడూరు తిరుపతి జిల్లాలో చేరగా, మనుబోలు నెల్లూరు జిల్లాలోనే నిలిచింది. అలా పొరుగూళ్ల మధ్య జిల్లా సరిహద్దు వచ్చింది. సంబంధ బాంధవ్యాలు మాత్రం ఆ గీతను లెక్కచేయలేదు.

చిన్న ఊరిలో మనిషికి చిరునామా అక్కరలేదు, ఫలానావారి అబ్బాయి అంటే చాలు. ఆ గుర్తింపు ఒక్కొక్కప్పుడు ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఆపదలో అదే ఆదుకుంటుంది. పట్నం చేరిన పిల్లలకు ఆ లోటు తర్వాత తెలుస్తుంది.

పెద్ద ఊళ్ల చరిత్ర వ్రాయడానికి పండితులున్నారు. మన ఊరిది మాత్రం పెద్దలు చెప్పగలిగిన రోజులలోనే మనమే వ్రాసి పెట్టుకోవాలి.