ఎవరి ఉలి వారిది

మొన్న సంక్రాంతికి నా పూర్వవిద్యార్థి ఒకడు తడలోని మా ఇంటికి వచ్చాడు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాటల మధ్య, "అయ్యవారూ, చేరిన రోజే ఏ కంప్యూటరు కావాలో నన్నే ఎన్నుకోమన్నారు. ప్రోగ్రాము రాసుకునే ఎడిటరు కూడా నా ఇష్టమే" అన్నాడు. "అదేమంత గొప్పరా? మన వడ్రంగి బాడిసె, ఉలి, చిత్రిక తన సంచిలో తానే తెచ్చుకునేవాడు కదా!" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడు వెళ్ళిన తరువాత నాకే ఒక సందేహం కలిగింది. వడ్రంగికి సహజంగా ఉన్న ఆ హక్కు నేటి ఉద్యోగికి వరంగా తోచడమేమిటి? అది ఎప్పుడు పోయింది? ఎలా తిరిగి వచ్చింది?

పోయిన కథ తెలిసినదే. చేతివృత్తివానికి పనిముట్టు సొంతం. కర్మాగారం వచ్చాక యంత్రం యజమానిదైంది. పనివాడే దాని వద్దకు నడిచి వెళ్ళవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ ధర్మానికి మరొకటి జోడించాయి. తాము చేసిన సరుకును తామే వాడి చూడాలన్నది ఆ నియమం. మైక్రోసాఫ్ట్ అధికారి పాల్ మారిట్జ్ 1988లో రాసిన ఒక లేఖతో అది ప్రసిద్ధమైంది. అందులో న్యాయం లేకపోలేదు. వండినవాడు రుచి చూడకుండా వడ్డించరాదు గదా! అయితే ఆ న్యాయమే క్రమంగా పొరుగింటి వంట ముట్టరాదనే అభిమానంగా మారింది.

ఆ అభిమానం ఎంతవరకు వెళ్ళిందో చూడండి. 2001లో ఆ సంస్థ అధిపతి స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరుతో పోల్చారు. 2009లో జరిగిన ఉద్యోగుల సభలో ఒక ఉద్యోగి చేతిలోని ఐఫోన్‌ను లాక్కొని, కాలితో తొక్కుతున్నట్లు నటించారని మరుసటి ఏడాది పత్రికలు రాశాయి. అది పరిహాసమే కావచ్చు. కాని వేలమంది ఎదుట యజమాని చేసిన పరిహాసం ఆజ్ఞతో సమానం.

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ళ ఆ పదవికి వచ్చారు. పుట్టింది హైదరాబాదులో, తండ్రి యుగంధర్ గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం. మార్చిలోనే ఐప్యాడ్‌కు ఆఫీస్ విడుదలైంది. ఆ పని ఆయనకు ముందే మొదలైందన్నది వాస్తవం. కాని మరుసటి ఏడాది ఒక సభలో ఆయన ఐఫోన్ చేతబట్టుకొని తమ సాఫ్ట్‌వేరును ప్రదర్శించారు. ఐదారేళ్ళ క్రితం కాలికిందికి వెళ్ళిన వస్తువు వేదిక ఎక్కింది.

అసలైన మార్పు 2017లో తెలిసింది. విండోస్ రచన మొత్తం, సుమారు 35 లక్షల ఫైళ్ళు, 300 గిగాబైట్లు, గిట్ అనే భాండాగారంలోకి మారింది. దానిపై పనిచేసే ఇంజనీర్లు దాదాపు 4,000 మంది. ఆ గిట్‌ను 2005లో సృష్టించినది లినస్ టోర్వాల్డ్స్. లినక్సుకు కర్త ఆయనే! అంత పెద్ద రచనను మోయడానికి గిట్ చాలకపోతే, దానికి తోడు మరొక సాధనాన్ని మైక్రోసాఫ్టే నిర్మించింది. మరోవైపు, 1981లో తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసిన ఐబీఎం సైతం 2015లో తన ఉద్యోగులను కావాలంటే మాక్ తీసుకొమ్మన్నది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. గిట్ ఏ ఒక్కరి ఇష్టమూ కాదు. అందరూ అందులోనే దాచాలి. దాచవలసిన చోటు ఒకటే అయినది కనుకనే, ఎవరి బల్లమీద ఏ ఎడిటరు ఉన్నదని ఎవరూ అడగనక్కరలేదు. ఉమ్మడిది కట్టుదిట్టంగా ఉన్నప్పుడే చేతిది స్వేచ్ఛగా ఉంటుంది.

తెలుగు రాసేవారికి ఈ సంగతి అనుభవమే. నేను పనిచేసే రోజుల్లో మా పాఠశాల వార్షిక సంచికను ఒక ముద్రణాలయంలో అక్షరం అక్షరం దగ్గరుండి కంపోజు చేయించాను. పిల్లల పద్యాలు, వాళ్ళు ఊళ్ళలో తిరిగి సేకరించిన సామెతలు అందులో ఉన్నాయి. కొన్నేళ్ళకు ఆ ఫైలు వేరొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు! ఆ ఫాంటు లేనిదే ఆ అక్షరాలు లేవు. అచ్చుప్రతులు చెదలపాలయ్యాయి. ఆ పిల్లల మాటలు నేను మళ్ళీ చూడలేదు. పనిముట్టు పోతే పనే పోయిందన్నమాట.

1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అది కంప్యూటర్లలో స్థిరపడిన తరువాత ఈ బాధ తీరింది. ఒకరు ఇన్‌స్క్రిప్టు మీట్లతో కొడతారు. మరొకరు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేర వాడుకలోకి వచ్చిన పద్ధతిలో ఆంగ్లాక్షరాలతో రాస్తారు. వీవెన్ గారి లేఖిని 2006 నుండి ఎందరికో చేయూతనిచ్చింది. నేను కొట్టేది లేఖినిలోనే. దారి ఏదైనా చివరకు పడే 'క' ఒకటే.

ఒక్క హెచ్చరిక. ఎన్నుకోమని చెప్పి వెల తానే చెల్లించే సంస్థ వేరు. నీ కంప్యూటరు నీవే కొని తెచ్చుకొమ్మనే సంస్థ వేరు. రెండవదాన్ని స్వేచ్ఛ అని పిలవడానికి నాకు మనసొప్పదు. వడ్రంగి ఉలి కొనుక్కున్నాడంటే అది తనతో పది ఊళ్ళు తిరిగింది, కొడుక్కూ దక్కింది.

ఈసారి వాడు వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలనుకుంటున్నాను: "ఆ కంప్యూటరు వెల ఎవరు ఇచ్చారురా? నీవు రేపు ఆ ఎడిటరు మార్చుకుంటే, నిన్న రాసింది తెరుచుకుంటుందా?"