కృష్ణ పడమటి డెల్టా కథ

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను కబళించిన కరవునందు, నాటి లెక్కల ప్రకారము 5 లక్షల జనములో రమారమి 2 లక్షలమంది అసువులు బాసిరి. ఆ ఘోరకలి నుండి పాఠము గ్రహించియే, కాటన్ దొర ప్రోద్బలమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో, 1855 నాటికి కృష్ణానదిపై బెజవాడ ఆనకట్ట వెలసినది. దానికి 1952లో గండిపడగా, దాని స్థానమున ప్రకాశం బారేజీ కట్టిరి.

ఆ బారేజీ నీటితోనే తెనాలి నడుమ నేటికిని మూడు కాలువలు ప్రక్కప్రక్కనే పారును. ఎగువ లాకు తలుపు జానెడు లేచినచో రేపల్లె, బాపట్ల చివరి చేలలో నారుమడి తడియును. లేనిచో రైతు త్రవ్విన బోరున ఉప్పునీరే ఊరును.

ఇదే కృష్ణానదినుండి చెన్నపట్టణపు దాహము తీర్చుటకు మూడు పరీవాహక రాష్ట్రములు తలా 5 టీఎంసీలు ఇచ్చుటకు 1976లో సమ్మతించినవి. ఆ ఔదార్యము శ్లాఘనీయము. అయినను, మహానగరముల జలప్రణాళికలు రచించు పెద్దలారా, వానలు అదను తప్పుచున్న యీ కాలమున, పంపకమునకు ముందు రేపల్లె చివరి కాలువలో నీరెంత పారుచున్నదో విచారింపుడు.