నియాండర్తాల్ చుట్టరికం: మనం తొందరపడి చెప్పిన మాట

తప్పు ఒప్పుకోరని మతవాదులను విమర్శిస్తుంటాం. మన తప్పు కూడా ఒకటి చెప్పుకుందాం.

1856లో జర్మనీలోని నియాండర్ లోయలో, సున్నపురాయి తవ్వే కూలీలకు కొన్ని ఎముకలు దొరికాయి. అందులోని ఒక చేతి ఎముక నుంచి 1997లో స్వాంతె పాబో బృందం మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తీసింది. అంతా కలిపి 379 అక్షరాలు. అది ఈనాటి ఏ మనిషి డి.ఎన్.ఏ.తోనూ కలవలేదు. అంతే, "నియాండర్తాల్ జాతి వేరు, మనం వేరు, సంకరం జరగనే లేదు" అని సభల్లో చెప్పుకుంటూ తిరిగాం. నేనూ చెప్పాను. మిగతా జన్యువులు మనకు వచ్చి ఉండే అవకాశాన్ని ఈ ఫలితం కొట్టిపారెయ్యదని ఆ శాస్త్రజ్ఞులు అదే వ్యాసంలో రాశారు. మనం అంతదాకా చదవలేదు.

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్లే. అందరూ కూతుళ్లే ఉన్న ఇంట్లో ఇంటిపేరు ఆగిపోతుంది. అంతమాత్రాన ఆ తాతకు మనవలు లేరంటామా? సరిగ్గా ఆ మాటే మనం అన్నాం.

ఎముకలు చూసి సంకరం జరిగిందన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. పోర్చుగల్‌లో 1998లో దొరికిన ఒక పసివాడి అస్థిపంజరంలో రెండు జాతుల లక్షణాలూ ఉన్నాయని ఎరిక్ ట్రింకౌస్, ఆయన సహచరులు వాదించారు. చాలామంది ఒప్పుకోలేదు.

2010లో అదే పాబో బృందం క్రొయేషియాలోని విందియా గుహ ఎముకల నుంచి మొత్తం జన్యుపటం చిత్తుప్రతి తయారు చేసి, తన పాత అంచనాను తానే మార్చుకుంది. ఆఫ్రికా బయటివాళ్లలో 1 నుంచి 4 శాతం నియాండర్తాల్ వాటా ఉందని తేల్చింది. ఇప్పుడు సుమారు 2 శాతం అంటున్నారు. 2015లో ఇంకా గట్టి సాక్ష్యం దొరికింది. రుమేనియాలోని ఒయాసె గుహలో దొరికిన, సుమారు 40 వేల ఏళ్లనాటి దవడ ఎముకలో 6 నుంచి 9 శాతం! అంటే అతనికి నాలుగు నుంచి ఆరు తరాల వెనకే ఒక నియాండర్తాల్ పూర్వీకుడో, పూర్వీకురాలో ఉన్నారన్నమాట. మైటోకాండ్రియా మాత్రం మామూలు మనిషిదే.

వర్ణసంకరమంటే హడలిపోయే మన దేశంలోనూ ఈ వాటా అందరిలో ఉంది, ఏ గోత్రమైనా సరే. కోవిడ్ ముదిరే ప్రమాదాన్ని పెంచే ఒక నియాండర్తాల్ జన్యు ముక్క దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉందని 2020లో తేలింది.

ఇంతటితో బుద్ధి వచ్చిందా అంటే, లేదు. 2010 తర్వాత "ఆఫ్రికావాళ్లలో నియాండర్తాల్ వాటా సున్నా" అని చెప్పడం మొదలుపెట్టాం. ఆఫ్రికా జన్యువుల్లో అది ఉండదని ముందే అనుకుని, వాటినే కొలబద్దగా పెట్టుకుని లెక్కలు కట్టారు. ఇక సున్నా రాక ఏం వస్తుంది? 2020లో ఆ కొలబద్ద లేకుండా వెతికితే అక్కడా సుమారు 0.3 శాతం కనిపించింది. బయటికి వెళ్లినవాళ్లలో కొందరి సంతతి మళ్లీ ఆఫ్రికాకు తిరిగి వచ్చిందట.