చెరసాల తప్పిన కొండ

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున బేర్ మౌంటెన్ స్టేట్ పార్కు ఉంది. ఒకప్పుడు ప్రభుత్వం సింగ్ సింగ్ కారాగారాన్ని అక్కడికి తరలించదలచింది. రైలుమార్గాల అధిపతి హారిమన్ భార్య మేరీ 1910లో పదివేల ఎకరాలు, పది లక్షల డాలర్లు దానమిస్తూ, ఆ జైలు తలంపు మానాలని షరతు పెట్టారు. 1913లో పార్కు తెరుచుకుంది.

ఆ కాలంలో ఇరుకు వీధుల పిల్లలను రికెట్స్ వ్యాధి పీడించేది. సూర్యరశ్మితో అది నయమవుతుందని న్యూయార్క్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ హెస్ తన సహచరునితో కలిసి 1921లో చూపించారు. పక్కనున్న హారిమన్ అడవిలో వేసవి శిబిరాలకు వచ్చిన నగర బాలలకు దక్కినది వినోదం మాత్రమే కాదని వైద్యునిగా నా అభిప్రాయం.

1923లో అపలాచియన్ కాలిబాట తొలి భాగం ఇక్కడే ప్రారంభమైంది. పసివారికి ఆ కొండ ఎక్కడం అక్కరలేదు. హెస్సియన్ సరస్సు చుట్టూ ఉన్న చదును బాట చాలు. మనవలతో నడిచే తాతయ్యల మోకాళ్లకూ అదే మేలు!

అయితే ఆ ప్రాంతపు పిడుదులు లైమ్ వ్యాధిని వ్యాపింపజేస్తాయి. ఇల్లు చేరగానే పిల్లల మోకాళ్ల వెనుక, చంకలలో, గజ్జలలో, చెవుల వెనుక, జుట్టు కుదుళ్లలో వెదకాలి. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నేరుగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పూయడం కూడదు. తరువాతి వారాలలో జ్వరం గాని, విస్తరించే ఎర్రని మచ్చ గాని కనిపిస్తే వైద్యునికి చూపించాలి.