సంగీతలిపి – ముద్రణము

ముదిగొండకుఁ బొరుగుననున్న నేలకొండపల్లి, భద్రాచల రామదాసని ప్రసిద్ధిఁగన్న కంచెర్ల గోపన్నకు జన్మస్థలము. పదునేడవ శతాబ్దివాఁడగు నాతని కీర్తనలు భజనగోష్ఠులలో నేఁటికిని వినఁబడుచున్నవి. అయినను మాతువు నిలిచినట్లు ధాతువు నిలువలేదు. ఒకే కీర్తనను వేఱువేఱు గోష్ఠులవారు వేఱువేఱు మట్టులఁ బాడుదురు. అతఁడు పాడిన మట్టిది యని నిర్ణయించుటకు నాఁటి స్వరలేఖనము మనకు దక్కలేదు.

ఇట్టి నష్టమును వారింపఁ బూనినవారిలో చిన్నస్వామి మొదలియారుగారు ముఖ్యులు. వారు 1893 ప్రాంతమున మన కృతులను పాశ్చాత్యుల పంచరేఖాలిపిలో ముద్రించిరి. వారి ప్రోత్సాహముచేతను, ఎట్టయపుర ప్రభువుల యాదరణముచేతను సుబ్బరామ దీక్షితులవారు రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తమిళదేశమునందలి యెట్టయపురముననే తెలుఁగు లిపిలో వెలువడెను. అందు హ్రస్వదీర్ఘములు కాలమును, బిందువులు స్థాయిని, ప్రత్యేకచిహ్నములు కంపిత స్ఫురితాది గమకములను దెలుపును. సీసపుటక్షరములఁ గూర్చువానికి ఒక్క స్వరమునకే యిన్ని గుర్తులను సరిగా నిలుపుట మిక్కిలి ప్రయాసము.

లిపిస్వభావము వేఱొక చిక్కు. తెలుఁగున దకారమున కడుగున చిన్నగీఁత చేరిన ధకార మగును. పకారమునకుఁ జేరిన ఫకార మగును. మంద్రస్థాయి బిందువు నిలువవలసిన తావును అదియే. ధైవతమును దకారముతో వ్రాయునపుడు అచ్చు మసకయైనచో బిందువు గీఁతగాఁ దోఁచి, మంద్రధైవతము వట్టి ధకారముగాఁ గానవచ్చును. చదువరికిది వర్ణభ్రాంతి, గాయకునకు స్థాయిభంగము.

కంప్యూటరు ఈ చిక్కును గొంతవఱకుఁ దీర్చినది. 1991లో యూనికోడు తెలుఁగు వర్ణములకు సంఖ్యల నొసఁగెను. 2009లో వైదికచిహ్నములకుఁ బ్రత్యేకవిభాగమును జేర్చెను. అయినను సంఖ్య యుండుట చాలదు. బిందువు నే యక్షరమున కెచట నిలుపవలయునో ఫాంటు ఎఱుఁగనిచో నది ప్రక్కకుఁ దొలఁగును. 1996లో నారంభమైన లిలీపాండు మున్నగు సాఫ్ట్‌వేరులు పంచరేఖాలిపి విషయమున వేఱొక త్రోవఁ ద్రొక్కినవి. వానికి స్వరము బొమ్మ గాదు; శ్రుతియుఁ గాలమును గల పదార్థము. కావుననే యొకమాఱు ఎక్కించిన పాటను వేఱొక శ్రుతికి మార్చుటకు మరలఁ గూర్పనక్కఱలేదు.

మన సంగీతమునకును ఈ మార్గమే శ్రేయము. 1961 మొదలుకొని మదరాసు సంగీతవిద్వత్సభవారు ప్రదర్శినిని తమిళలిపిలోఁ బ్రకటించునపుడు స్వరములన్నింటిని మరలఁ గూర్పవలసివచ్చెను. స్థాయి కాల గమకములు ఆకృతిగాఁ గాక యర్థముగా నెక్కింపఁబడినచో లిపిని మార్చుట యంత్రమునకు సులభము. రామదాసకీర్తనల మట్టులను గోష్ఠిభేదముతో నిట్లు వ్రాసియుంచవలయును. మాతువునకుఁ బాఠాంతరములఁ జూపు పరిష్కర్తలు ధాతువునకును జూపుట న్యాయము. కానిచో మిగిలిన మట్టులును పాడువారితోడనే యంతరించును.