మట్టి మిద్దె ఖరీదు

రాయలసీమ జిల్లాల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న బళ్లారి, పల్నాడు, పాలమూరు ప్రాంతాల్లోనూ ఒకటి రెండు తరాల కిందటి వరకు సామాన్య రైతు కట్టుకొన్న ఇల్లు మట్టి మిద్దె. అంటే రాతితోనో పచ్చిమట్టితోనో లేపిన మందపు గోడల మీద దూలాలు వేసి, వాటిపై కట్టెలు, ఆకు, మట్టి వరుసగా పరిచి, చదునుగా దిమ్మిస కొట్టిన కప్పు గల ఇల్లు. ఈ ఇంటిని తలచుకొనేవారు అది చౌకగా లేచేదని, సిమెంటు వచ్చి పేదవాడి నెత్తిన అప్పు పెట్టిందని అంటుంటారు. చేతినుంచి వెళ్లిన రూపాయలను మాత్రమే లెక్కిస్తే ఆ మాట చాలావరకు నిజమే. అయితే మిద్దెకు పెట్టిన ఖర్చులో రూపాయల రూపంలో వెళ్లినది చిన్న భాగం; మిగిలినది ఇంటిల్లిపాది శ్రమగా, ఊరి ఉమ్మడి వనరులుగా, కల్లంలో కొలిచిచ్చిన ధాన్యంగా, ఇల్లు నిలిచినన్నాళ్లూ ఏటేటా చేయవలసిన మరమ్మతుగా చెల్లింది కనుక, ఆ చౌకదనాన్ని అంచనా వేయాలంటే ఈ చెల్లింపులన్నిటినీ ఒకచోట పెట్టి చూడవలసి ఉంటుంది.

మిద్దె ఆ సీమలోనే స్థిరపడటానికి వాన ఒక కారణం, రాయి ఒక కారణం. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, నీటిని వేగంగా జార్చే ఏటవాలు కప్పు అక్కడ తప్పనిసరి కాలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో పొరలు పొరలుగా విడివచ్చే సున్నపురాయి, అంటే జనం నాపరాయి అనీ కడప బండ అనీ పిలిచేది, నేలకు కొద్ది లోతులోనే దొరికేది. పలుగు, గునపం ఉంటే బండను లేపవచ్చు కనుక గోడకు, గడపకు, నేలకు, కొన్ని ఊళ్లలో కప్పుకు సైతం అదే వాడారు. రాయి దొరకని చోట చెరువు మట్టిని తెచ్చి, నీళ్లు పోసి, వరిగడ్డినో కొర్రగడ్డినో ముక్కలు చేసి కలిపి, కాళ్లతో తొక్కి, ముద్దలు చేసి, ఒక వరుస ఆరాక దాని మీద మరో వరుస పెడుతూ గోడ లేపేవారు. తడి గోడ మీద బరువు పెడితే కుంగుతుంది గనుక ఈ పని తొందరపడితే జరిగేది కాదు. కోతలు ముగిసి వేసవి వానలు పడేలోగా దొరికే తీరిక దినాలే దానికి అదను.

గోడల మీద అడ్డంగా పడే బరువైన మానును దూలమని, దూలానికీ దూలానికీ మధ్య దగ్గర దగ్గరగా పేర్చే సన్నపాటి మొద్దులను దంతెలని అంటారు. రెండు దూలాల నడిమి చోటును అంకణమంటారు. ఇంటి పరిమాణాన్నీ, ఇంటివారి స్థోమతనూ అంకణాల లెక్కనే చెప్పేవారు. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో స్థలాల క్రయవిక్రయాలలో కొలతగా ఆ పేరు ఇంకా వాడుకలో ఉంది. కొలమానంగా కంటే కట్టడం పద్ధతిగా అంకణం ముఖ్యమైనది. రెండు అంకణాలతో మొదలైన ఇంటికి, పంట బాగా వచ్చిన ఏడు మూడవది, కొడుకు పెళ్లినాటికి నాలుగవది చేర్చుకోవచ్చు. అంటే ఇంటి ఖర్చు ఒకేసారి మీద పడకుండా, దిగుబడిని బట్టి, అవసరాన్ని బట్టి ముక్కలుగా విడిపోయేది. తక్కువ రాబడి గలవాడికి మిద్దె అందుబాటులో ఉండటానికి మట్టి ఊరికే దొరకడం కంటే ఈ విభజనే పెద్ద కారణమని చెప్పాలి.

దంతెల మీద సన్నని కట్టెలు, వాటి మీద చెదలు పట్టకుండా వేపాకో కానుగాకో, ఆపైన మట్టి పరిచి దిమ్మిస చేశాక, అన్నిటికీ పైపొరగా పోసేది చౌడు. లవణాలు, ముఖ్యంగా సోడియం లవణాలు, ఎక్కువగా ఉండే తెల్లని నేల మన్ను ఇది. ఇందులోని బంకమట్టి రేణువులు వాన తగలగానే విడివడి, సన్నని సందులన్నిటినీ మూసివేయడంతో నీరు లోపలికి దిగక, కప్పు వాలును బట్టి ప్రక్కకు జారి, గోడకు అమర్చిన దోనెగుండా కిందికి పడుతుంది. చౌడు నేలలో పంట పండకపోవడానికి నీటిని ఇంకనివ్వని ఈ గుణం కూడా ఒక కారణం. చేనుకు కీడు చేసేదే కప్పుకు మేలు చేసిందన్నమాట. కానీ ఎండకు బీటలు వారడం, గాలికి దుమ్ముగా లేవడం, వానకు కొంత కొంత కొట్టుకుపోవడం దానికి తప్పదు కాబట్టి, ప్రతి ఏడూ తొలకరికి ముందు బండ్లతోనో గంపలతోనో కొత్త చౌడు తెచ్చి పోయాలి. పోయకపోతే ఆ ఏడు ఇల్లు ఉరుస్తుంది. ఉరిస్తే తడిసిన దంతెలు పుచ్చుతాయి.

ఈ వార్షిక శ్రమకు తోడు ఇంటి లోపల ఆడవారి పని ఉండేది. మట్టి నేలను పేడతో అలకడం, గోడల పగుళ్లకు మట్టి మెత్తడం, పండుగకు ఎర్రమన్నూ సున్నమూ పూయడం అన్నవి వారం, నెల, సంవత్సరం వంతున తిరిగి తిరిగి వచ్చే పనులు. ఏ ఖర్చు చిట్టాలోనూ అవి ఎక్కలేదు. మగవారి శ్రమలో కొంత భాగం బదులు పద్ధతిన సమకూరేది, అంటే ఈ ఇంటి గోడకు సాయం వచ్చినవాడి ఇంటికి మరోనాడు వెళ్లి అంతే పని చేసిరావడం. రాయి కొట్టడానికి, మట్టి తవ్వడానికి వడ్డెరలు, తలుపులకూ దూలాలకూ వడ్రంగి, మేకులకూ గొలుసులకూ కమ్మరి ఉండేవారు. వడ్రంగి, కమ్మరి ఊరి ఆయగాళ్లు, అనగా ఊరికి చేసే సేవకు ప్రతిగా పంటలో నిర్ణీత వాటా పొందే వృత్తులవారు, కాబట్టి వారి కూలిలో ఎక్కువ భాగం కల్లం దగ్గరే తీరేది. ఈ ఏర్పాటు ఇల్లు కట్టుకొనే రైతుకు ఎంత అనుకూలమో, చేసిన పనికి తన ధర తాను చెప్పుకోలేని వృత్తికారుడికి అంత అననుకూలం. మిద్దె చౌకదనంలో కొంత భాగాన్ని అతడే భరించాడు.

మిద్దెకు తొలి నుంచీ ఖరీదైన సరుకు కలప. ఏపి, వేప, తుమ్మ మానులూ, చేవదేరిన తాటి మొద్దులూ దూలాలకు పనికివచ్చేవి. ఊరి పొలిమేర అడవిలో అవి దొరికినంతకాలం నరికి మోసుకొచ్చే శ్రమే వాటి వెల. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ప్రకారం విశాలమైన అడవులు రిజర్వు అడవులుగా మారి, కలపకూ, కట్టెకూ, మేతకూ అనుమతులు, రుసుములు వచ్చి పడ్డాయి. 1921–22లో పల్నాడులో చెలరేగిన పుల్లరి ఉద్యమం ప్రధానంగా పశువుల మేతపై వేసిన పన్ను గురించినదే అయినా, దాని వెనుక ఉన్నది అడవిపై హక్కు కోల్పోయిన ఊళ్ల బాధే. ఇంటి విషయంలో దీని ఫలితం ఏమంటే, సిమెంటు ఊరి పొలిమేరకు రావడానికి చాలా ముందే మిద్దె కట్టడంలోకి నగదు ప్రవేశించింది. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు దూలాలనూ ద్వారబంధాలనూ పంచుకోవడం, కూలిన ఇంటి కలపను కొని కొత్త ఇంటికి ఎత్తడం సాధారణమయ్యాయంటే, ఆ ఇంట్లో నిజమైన ఆస్తి గోడ కాదు, కప్పు కింది మాను అని అర్థమవుతుంది.

అయితే మిద్దె అందరిదీ కాదు. భూమిలేని కూలీలు, ముఖ్యంగా ఊరికి దూరంగా నెట్టబడిన దళిత కుటుంబాలు, బోదగడ్డితోనో తాటాకుతోనో కప్పిన కొట్టాల్లోనే బతికారు. అవి నిలిచిన స్థలమే తమది కానప్పుడు అంకణం తరువాత అంకణం చేర్చుకొనే అవకాశం ఎక్కడిది? వేసవిలో ఒక కొట్టానికి నిప్పంటుకొంటే గాలివాటున వరుసంతా బూడిదయ్యేది. రెండు మూడేళ్లకొకసారి గడ్డి మార్చక తప్పేది కాదు. 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమిలేని వారికి ఇళ్ల స్థలాలు ఇవ్వడం ఒక అంశంగా చేరడంలోని ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది. పేదవాడి ఇంటి లెక్కలో మొదటి పద్దు గోడా కాదు, కప్పూ కాదు, కాలికింది నేల.

కోస్తాలో కథ కొంత వేరు. ఉత్తరాంధ్ర తీరంలో గాలివానను తట్టుకొనేందుకు గుండ్రని మట్టి గోడ కట్టి, చూరును దాదాపు నేలను తాకేంత కిందికి దించిన చుట్టిళ్లు ఉండేవి. కొంచెం కలిగినవారు కుమ్మరి సారె మీద గొట్టంగా తిప్పి రెండుగా చీల్చి కాల్చిన గూనపెంకుతో కప్పుకొనేవారు. కోతులు, పిల్లులు కదిపిన ఆ పెంకులను ఏటా సర్దించుకోవాలి కాబట్టి అక్కడా మరమ్మతు తప్పలేదు. 1860ల్లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో యంత్రాలపై తయారుచేయించడం ప్రారంభించిన, ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకొనే బల్లపరుపు పెంకు క్రమంగా కోస్తాకు వ్యాపించి, రాజమండ్రి పరిసరాల్లో దాని తయారీ స్థిరపడింది. 1946లో హైదరాబాదులో ఏర్పడిన ఆస్బెస్టాస్ కంపెనీ చార్మినార్ పేరుతో అమ్మిన సిమెంటు రేకులు, ఒక్క రోజులో కప్పు పడాలనుకొనేవారికి దారి చూపాయి. వేసవి మధ్యాహ్నం వాటి కింద కూర్చోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

సిమెంటు మాత్రం చాలాకాలం సామాన్యుడి చేతికి అందలేదు. ధరపైనా పంపిణీపైనా ప్రభుత్వ నియంత్రణ ఉన్న రోజుల్లో కొద్ది బస్తాలకైనా అధికారుల నుంచి పర్మిట్ తెచ్చుకోవలసివచ్చేది. పర్మిట్ లేనివాడు చాటుమాటు బజారులో ఎక్కువ వెల పెట్టి కొనేవాడు. సున్నపురాయి నిండుగా ఉన్న కర్నూలు, గుంటూరు జిల్లాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసినా, వాటి పక్క ఊళ్లలోనే మట్టి మిద్దెలు ఇంకా లేస్తుండటానికి ఇదొక కారణం. 1982 ఫిబ్రవరిలో ఈ నియంత్రణను పాక్షికంగా, 1989 మార్చిలో పూర్తిగా తొలగించారు. ఆ తరువాత సిమెంటు బస్తా కిరాణా సరుకులా పల్లె అంగడికి చేరింది.

ఇదే కాలంలో ప్రభుత్వం కూడా ఇళ్ల రంగంలోకి దిగింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేల మంది ప్రాణాలు కోల్పోయాక, పూరిగుడిసె స్థానంలో పక్కా ఇల్లు అన్న ఆలోచన ప్రాణరక్షణ విషయంగా మారింది. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం బలహీన వర్గాలకు పక్కా ఇళ్లు కట్టించడాన్ని ప్రధాన కార్యక్రమాల్లో ఒకటిగా చేపట్టింది. 1985లో కేంద్రం మొదలుపెట్టిన ఇందిరా ఆవాస్ యోజన 1996 జనవరి నుంచి స్వతంత్ర పథకమైంది. ఈ పథకంలో కాంట్రాక్టర్లకు తావివ్వకుండా లబ్ధిదారుడే దగ్గరుండి కట్టుకోవాలన్న నియమం పెట్టారు. ఎవరి ఇల్లు వారే కట్టుకొనే మిద్దె పద్ధతి ఆ విధంగా ప్రభుత్వ నిబంధనగా తిరిగివచ్చిందనవచ్చు. కానీ ఈ ఇంటికి కావలసిన సిమెంటు, ఇనుప చువ్వ, ఇసుక అన్నీ కొనవలసినవే.

సిమెంటు, ఇనుప చువ్వలతో పోసే ఈ కప్పు, అంటే స్లాబు, తెచ్చిన అసలు మార్పు సరుకులో కంటే చెల్లింపు కాలంలో కనిపిస్తుంది. మిద్దె గోడను నెలల తరబడి లేపవచ్చు. స్లాబును మాత్రం సెంట్రింగు చెక్కలు బిగించి, చువ్వలు కట్టి, ఒకే రోజున మాలు కలిపి పోయాలి. ఆ రోజుకు కంకర, సిమెంటు, కూలీల ముఠా, తాపీ మేస్త్రి, అద్దె సెంట్రింగు అన్నీ ఒక్కసారే సిద్ధంగా ఉండాలి, అంటే డబ్బూ ఒక్కసారే కావాలి. ప్రభుత్వ సాయం పునాదికి ఇంత, గోడలకు ఇంత, కప్పుకు ఇంత అని పని పూర్తయ్యాక బిల్లుగా వచ్చేది కనుక, ముందుగా పెట్టే సొమ్ముకు వడ్డీ అప్పే దిక్కయ్యేది. మిద్దెలో నలభై ఏళ్లకు పంచి పెట్టిన ఖర్చు ఇక్కడ నలభై రోజుల్లోకి కుదించుకుపోయింది.

అలాగని మిద్దెను మంచి కాలపు గుర్తుగా చిత్రించడం సరికాదు. చౌడు మీద చౌడు పోస్తూ పోతే కప్పు మందం, దానితో బరువు, పెరుగుతూ వస్తాయి. పుచ్చిన దంతె ఆ బరువును ఒక వానరాత్రి హఠాత్తుగా వదిలేస్తే కింద పడుకొన్నవారి గతి ఏమిటో ప్రతి వర్షాకాలమూ ఏదో ఒక ఊరు చూసేది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు భూకంపంలో వేల మంది చనిపోవడానికి ముఖ్య కారణం, మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీది మందపాటి మట్టి కప్పులు కూలడమే. ఆ ఇళ్లు రాయలసీమ మిద్దెకు దగ్గరి చుట్టాలు. స్లాబు కింద ఉక్క ఎక్కువైనా, పేడతో అలకే పని తప్పినందుకు ఆడవారెవరూ మట్టి నేలను తిరిగి కోరలేదు.

అప్పు భారాన్ని తగ్గించుకోవడానికి జనం స్లాబు ఇంటిని కూడా అంకణాల పద్ధతికే వంచారు. ముందు ఒక గది, పూత లేని గోడలు, తలుపు లేని కిటికీ. పిల్లర్ల పైన రేపటి అంతస్తు కోసం వదిలిన చువ్వలు ఏళ్ల తరబడి వానకు తుప్పు పడుతూ నిలిచి ఉంటాయి. 2016 నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయల సాయంతో పాటు, ఉపాధి హామీ పథకం కింద సుమారు 90 రోజుల కూలిని ఇల్లు కట్టుకొనే కుటుంబానికే చెల్లించే ఏర్పాటు చేసింది. సొంత ఇంటికి చేసుకొన్న చాకిరీకి రూపాయల్లో విలువ కట్టిన ఏర్పాటు ఇది. మిద్దె లెక్కలో అది ఏనాడూ పద్దుగా కనిపించలేదు. కానీ ఆ 90 రోజులు కట్టడానికి మాత్రమే వర్తిస్తాయి, తరువాతి మరమ్మతుకు కాదు. 1980ల నాటి ప్రభుత్వ కాలనీ ఇళ్లలో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న స్లాబులకు చౌడులాంటి ఊరి మందు లేదు కనుక, వాటి యజమానులు పైన రేకులు వేయించుకొంటున్నారు, లేదా కొత్త ఇంటికి మళ్లీ దరఖాస్తు పెట్టుకొంటున్నారు.