పెన్సియోనాడో నుంచి కెన్షూసే దాకా: శిక్షణ కోసం సముద్రం దాటిన ఫిలిప్పీన్స్ శ్రామికులు

ఫిలిప్పీన్స్ నుంచి ప్రభుత్వ ఖర్చుతో పరాయి దేశానికి చదువుకూ శిక్షణకూ వెళ్లిన మొదటి బృందం 1903 అక్టోబరులో మనీలా రేవు వదిలింది. అందులో సుమారు వందమంది ఉన్నారు. అందరూ మగపిల్లలే. నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడ దిగారు. అంతకుముందు కూడా ఫిలిప్పీన్స్ యువకులు ఐరోపాలో చదివారు. జాతీయోద్యమ రచయిత హోసే రిజాల్ తరం వాళ్లు 1880ల్లో మాడ్రిడ్, బార్సిలోనా వెళ్లింది కుటుంబాల డబ్బుతో. 1903లో వెళ్లినవాళ్ల ఖర్చు భరించింది అమెరికా వలస ప్రభుత్వం. అది ఊరికే భరించలేదు.

ఫిలిప్పీన్స్‌తో అమెరికా యుద్ధం ముగిసిందని ప్రకటించింది 1902 జూలైలో. ఏడాది తిరగగానే, 1903 ఆగస్టు 26న, అమెరికా నియమించిన పాలకమండలి ఫిలిప్పీన్ కమిషన్ 854వ చట్టం చేసింది. దేశాన్ని నడపడానికి అమెరికా పద్ధతులు తెలిసిన ఉద్యోగులు కావాలి. అమెరికా నుంచి మనుషులను దింపుకోవడం కన్నా ఇక్కడి పిల్లలను అక్కడికి పంపి తయారుచేసుకోవడం చౌక. నిన్నటి శత్రువు ఇంటి పిల్లవాడికి చదువు చెప్పిస్తే రేపటి తిరుగుబాటు తగ్గుతుందన్న లెక్క కూడా ఉంది. వంద సీట్లలో 75 రాష్ట్రాల నుంచి, 25 గవర్నర్ ఎంపికతో నింపారు. వయసు 16 నుంచి 21 లోపు ఉండాలి. ఒంట్లో జబ్బు, నడతలో మచ్చ ఉండకూడదు. అమెరికాకు విధేయుణ్నని ప్రమాణం చేయాలి. ఎన్నేళ్లు చదివితే అన్నేళ్లు తిరిగొచ్చి ప్రభుత్వ కొలువు చేయాలి. తెలుగు కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సంతకం పెట్టే ‘బాండ్’ లాంటిదే ఇది. ప్రభుత్వ భత్యం మీద బతికే ఈ విద్యార్థులకు ‘పెన్సియోనాడో’ అన్న స్పానిష్ పేరు స్థిరపడింది.

వాళ్లను నేరుగా విశ్వవిద్యాలయాలకు పంపలేదు. ముందు దక్షిణ కాలిఫోర్నియా హైస్కూళ్లలో చేర్చి ఇంగ్లీషు గట్టిపరిచారు. 1904 వేసవిలో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు తీసుకెళ్లారు. అక్కడ 47 ఎకరాల్లో ‘ఫిలిప్పీన్స్’ను నిలబెట్టారు. వెయ్యిమందికి పైగా మనుషులను తెచ్చి, తెగలవారీగా గ్రామాలు కట్టి, సందర్శకులు చూసేందుకు అందులో ఉంచారు. జనం ఎగబడింది గోచీలతో ఉన్న ఇగొరోట్ అనే కొండజాతి వాళ్ల గ్రామం మీదికి. ఆ ప్రాంగణంలోనే సూటూ టైతో నిలబడి దారి చూపింది పెన్సియోనాడోలు. భోజనశాలలో వడ్డించింది కూడా వాళ్లే. నాగరికత లేనివాళ్లు ఎలా ఉంటారో గ్రామంలో చూడండి, మేం నేర్పితే ఎలా అవుతారో ఈ కుర్రాళ్లలో చూడండి అన్నది నిర్వాహకుల ఉద్దేశం. ఫిలిప్పీన్స్ యువకుడి మొదటి విదేశీ శిక్షణ ఇలా కొంత చదువుగా, కొంత ప్రదర్శనగా సాగింది.

ఫలితం మాత్రం చిన్నది కాదు. మొదటి బృందంలో వెళ్లి ఇండియానాలో న్యాయశాస్త్రం చదివిన హోర్హె బొకోబో తర్వాత ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. 1904లో వెళ్లిన హోసే అబాద్ సాంతోస్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1942లో జపాన్ సేనలకు లొంగనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. 1905లో వెళ్లిన కమీలో ఒసియాస్ రాసిన వాచకాలు తరాల తరబడి ఫిలిప్పీన్స్ బడుల్లో నడిచాయి. తర్వాతి బృందాల్లో ఆడపిల్లలూ వెళ్లారు. ఫిలడెల్ఫియాలో వైద్యం చదివి 1909లో పట్టా పుచ్చుకున్న ఒనోరియా అకోస్తా ఆ దేశపు తొలి మహిళా వైద్యురాలు. వీళ్లంతా బాండ్ తీర్చడానికి తిరిగొచ్చినవాళ్లే. దేశానికి దక్కింది కూడా అందుకే.

కూలివాడి మొదటి ప్రయాణం దారి వేరు. 1906 డిసెంబరు 20న డోరిక్ అనే ఓడలో 15 మంది హోనొలులులో దిగి చెరకు తోటల్లోకి వెళ్లారు. వీళ్లకు శిక్షణ, ప్రమాణం, విశ్వవిద్యాలయం ఏవీ లేవు. కొడవలి చేతికిచ్చారు. అమెరికా నౌకాదళం చేర్చుకున్నవాళ్లది మధ్య రకం. 1901లో అధ్యక్షుడు మెకిన్లీ 500 మంది ఫిలిప్పీన్స్ వాళ్లను చేర్చుకోవడానికి అనుమతించాడు. 1947 సైనిక స్థావరాల ఒప్పందం తర్వాత కావితె దగ్గరి అమెరికా స్థావరం సాంగ్లీ పాయింట్‌లో ఎంపికలు జరిగేవి. ఎంపికైనవాడు శాన్ డియాగో వెళ్లి శిక్షణ పొందేవాడు. ఆ శిక్షణ చాలాకాలం అధికారుల బల్ల సర్దడం, బట్టలు ఇస్త్రీ చేయడం, వండి వడ్డించడం వరకే. డిగ్రీ చదివినవాడైనా స్టీవర్డ్‌గానే చేరాలి. ఈ గిరి గీత 1970ల్లో గానీ చెరగలేదు.

శిక్షణ అన్న మాట చౌక కూలికి మారుపేరు కావడం నర్సుల కథలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. 1906లో ఇలోయిలో అనే ఊళ్లోని మిషన్ ఆస్పత్రిలో దేశంలో మొదటి నర్సింగ్ బడి పెట్టారు. పాఠ్యక్రమం అమెరికాది, బోధన ఇంగ్లీషులో. అంటే ఫిలిప్పీన్స్ నర్సు తన దేశంలో చదువుతూనే అమెరికా వార్డుకు సరిపడా తయారయ్యేది. 1948లో అమెరికా చేసిన సమాచార, విద్యా వినిమయ చట్టం కింద ‘ఎక్స్‌ఛేంజ్ విజిటర్’ పథకం వచ్చింది. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో పరాయి దేశాల వాళ్లు వచ్చి రెండేళ్లు ఉండి, పని నేర్చుకుని, అమెరికా మంచి గురించి చెప్పుకుంటూ ఇంటికి పోవాలన్నది దాని ఆశయం. 1956–1969 మధ్య ఈ దారిన వెళ్లిన ఫిలిప్పీన్స్ నర్సులు 11 వేలకు పైమాటే. 1960ల చివరికి ఈ పథకం కింద అమెరికాలో ఉన్న పదిమందిలో ఎనిమిదిమంది ఫిలిప్పీన్స్ వాళ్లు, వాళ్లలో ఎక్కువమంది నర్సులు.

మనీలాలో ట్రావెల్ ఏజెంట్లు ముందు విమానం ఎక్కండి, డబ్బు తర్వాత కట్టండి అంటూ ప్రకటనలు వేశారు. అప్పు మీద టికెట్ కొనుక్కుని, ముందురోజు ‘డెస్పెడీడా’ అనే వీడ్కోలు విందు చేసుకుని, ఇంటిల్లిపాదీ విమానాశ్రయం దాకా వస్తుండగా నర్సు బయల్దేరేది. అక్కడ అడుగుపెట్టాక తెలిసేది ఏమిటంటే, ఆస్పత్రిలో నర్సుల కొరత ఉంది, నేర్పేవాళ్ల కొరత అంతకన్నా ఎక్కువ ఉంది. మామూలు నర్సుతో సమానంగా రాత్రి డ్యూటీ, వార్డు బాధ్యత మోసేవాళ్లు ఉన్నారు. మరికొందరికి చదువు ఉండి కూడా ఆయాల పని అప్పగించారు. చేతికొచ్చేది జీతం కాదు, ‘స్టైపెండ్’. విద్యార్థి అన్న పేరు ఉంది కాబట్టి ఆ తేడాకు పేరు దోపిడీ కాదు, నేర్చుకోవడం. అలాగని వెళ్లినవాళ్లు మోసపోయిన అమాయకులూ కారు. స్టైపెండ్ కూడా మనీలా జీతాల పక్కన పెద్దదే. పగలు ఒకచోట, రాత్రి ఇంకోచోట పని చేసి ఇంటికి డబ్బు పంపినవాళ్లు ఉన్నారు. రెండేళ్లు నిండగానే దేశం విడిచి వెళ్లాలి, మళ్లీ వలస వీసా అడగాలంటే రెండేళ్లు స్వదేశంలో గడపాలి అన్న నిబంధనను తప్పించుకోవడానికి కెనడా దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1965లో అమెరికా వలస చట్టం మారి, చదువుకున్నవాళ్లు శాశ్వతంగా వచ్చే తలుపు తెరుచుకున్నాక శిక్షణ అన్న ముసుగు అవసరం క్రమంగా పోయింది.

1970ల్లో శిక్షణ ఇచ్చే చోటే మారింది. అంతవరకూ బయటి దేశానికి వెళ్లాక నేర్చుకునేవారు. ఇప్పుడు వెళ్లడమెలాగో స్వదేశమే నేర్పసాగింది. 1974 మే 1న అధ్యక్షుడు మార్కోస్ సంతకం చేసిన కార్మిక స్మృతి కూలీలను బయటికి పంపడాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మార్చింది. గల్ఫ్‌లో చమురు డబ్బు, స్వదేశంలో నిరుద్యోగం, ఖాళీ అవుతున్న విదేశీ మారక నిల్వలు, ఈ మూడూ కలిసొచ్చాయి. 1975లో బయటికి వెళ్లినవాళ్లు 36 వేలమంది. వాళ్లలో ఎక్కువమంది ఓడ పనివాళ్లు. 2006 నాటికి ఆ లెక్క ఏడాదికి పది లక్షలు దాటింది. 1982లో ఏర్పడ్డ విదేశీ ఉపాధి పరిపాలన సంస్థ అన్ని కాగితాలకూ కేంద్రమైంది.

1983 నుంచి బయల్దేరే ప్రతి కార్మికుడూ ప్రయాణానికి ముందు అవగాహన తరగతికి హాజరు కావాలి. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని ‘పీడాస్’ అని పిలుస్తారు. ఒక్క పూట, లేదా ఒక్క రోజు. ఒప్పందంలో ఏం రాసి ఉంది, జీతం ఎలా పంపాలి, వెళ్లే దేశంలో ఏం చేస్తే తప్పు, విమానాశ్రయంలో ఏ కాగితం ఎక్కడ చూపాలి, జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలి అన్నవి అందులో పాఠాలు. మొదటిసారి ఊరు దాటుతున్న మనిషికి ఇది నిజంగా అక్కరకొచ్చేదే. కానీ అప్పటికే ఏజెంటుకు డబ్బు కట్టి, సంతకాలు పెట్టి, టికెట్ చేతిలో ఉన్నవాడికి ‘ఒప్పందం జాగ్రత్తగా చదువుకో’ అని చెప్పడం పెళ్లి పీటల మీద సంబంధం గురించి వాకబు చేయడం లాంటిది. భారతదేశం కూడా ఇలాంటి ఒక రోజు తరగతిని 2018లో మొదలుపెట్టింది.

2006లో ఇంటిపని శిక్షణను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. ఆ వేసవి లెబనాన్ యుద్ధంలో చిక్కుకున్న ఇంటిపనివాళ్లు వేలమంది తిరిగొచ్చారు. అధ్యక్షురాలు గ్లోరియా మకపగల్ అర్రోయో వాళ్లను ‘సూపర్‌మెయిడ్’లుగా తయారుచేసి పంపుతామంది. ప్రథమ చికిత్స, బహుళ అంతస్తుల భవనంలో నిప్పంటుకుంటే ఇంట్లోవాళ్లను బయటికి తేవడం వంటివి పాఠాలయ్యాయి. అదే ఏడాది చివర ఇంటిపనికి వెళ్లేవాళ్లకు ప్రభుత్వ నైపుణ్య ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. కనీస జీతం నెలకు 400 డాలర్లుగా నిర్ణయించి, ఏజెంటు రుసుము వసూలు చేయకూడదన్నారు. శిక్షణ పెరిగితే విలువ పెరుగుతుందన్నది వాదన. విలువ పెరిగినా పెరగకపోయినా, ఇంకో కోర్సు రుసుము ఖర్చుల జాబితాలో చేరింది.

జపాన్ వైపు కథ మొదట మర్యాదగానే మొదలైంది. 1959లో ఏర్పడ్డ ఏఓటీఎస్ అనే సంస్థ ఆసియా దేశాల కంపెనీల నుంచి ఇంజనీర్లను, ఫోర్‌మన్‌లను పిలిపించి, ముందు కొన్ని వారాలు జపనీస్ భాష, మర్యాదలు నేర్పి, తర్వాత ఫ్యాక్టరీలో పని చూపించేది. ఫిలిప్పీన్స్ ఫ్యాక్టరీ ఉద్యోగికి ఇలా వెళ్లిరావడం ఒక హోదా. ఊరికి రాగానే బంధువులందరికీ ‘పసలుబోంగ్’, అంటే ఊరెళ్లొచ్చినవాళ్లు తెచ్చే తాయిలం, పంచాల్సిందే. అది లేకుండా తిరిగి రావడం అక్కడ మర్యాద కాదు.

1980ల చివరికి జపాన్ చిన్న కర్మాగారాలకు కూలీలు దొరకలేదు. కూలి వీసా ఇవ్వడానికి ఆ దేశం సిద్ధంగా లేదు. 1990లో శిక్షణ నిబంధనలు సడలించారు. 1993లో ‘సాంకేతిక ఇంటర్న్’ పథకం తెచ్చారు. మొదటి ఏడాది ‘కెన్షూసే’, అంటే శిక్షణార్థి. చట్టం దృష్టిలో అతను కార్మికుడు కాడు కాబట్టి కనీస వేతనం, కార్మిక చట్టాలు వర్తించవు. చేతికొచ్చేది భత్యం. ఆ తర్వాతే ఇంటర్న్‌గా కార్మికుడి హోదా. మొదటి ఏడాది మినహాయింపు 2010 జూలై దాకా నడిచింది. యజమానిని మార్చుకునే వీలు అప్పటికీ లేదు. దక్షిణ కొరియా ఇదే నమూనాను 1993లో అనుసరించింది. 1995 జనవరిలో నేపాల్ శిక్షణార్థులు సోల్‌లోని మ్యొంగ్‌డాంగ్ చర్చి దగ్గర గొలుసులు కట్టుకుని నిరసన తెలిపాక వివాదం ముదిరింది. 2004లో కొరియా విదేశీ కార్మికులను కార్మికులుగానే పిలిచే చట్టం అమలుచేసింది. ఆ ఏర్పాటులో ఫిలిప్పీన్స్ మొదటి నుంచీ ఉంది.

నర్సుల కథ 2009లో జపాన్‌లో మళ్లీ మొదలైంది. జపాన్, ఫిలిప్పీన్స్‌ల ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చి, తర్వాతి మేలో మొదటి బృందం వెళ్లింది. స్వదేశంలో లైసెన్సు, అనుభవం ఉన్న నర్సు జపాన్‌లో ‘అభ్యర్థి’. మొదట్లో ఆర్నెల్లు భాష నేర్చుకుని, ఆస్పత్రిలో సహాయకురాలిగా పని చేస్తూ, మూడేళ్లలో జపాన్ జాతీయ పరీక్ష జపనీస్‌లోనే పాసవ్వాలి. మంచాన పడ్డ రోగికి వచ్చే పుండును మామూలు జపనీస్‌లో ‘తొకొజురె’ అంటారు. పరీక్ష పత్రంలో అది ‘జొకుసో’. దాన్ని రాసే చిత్రలిపి జపాన్ వాళ్లలోనే చాలామందికి రాదు. వేల పుండ్లకు కట్టు కట్టిన చేతికి ఆ రెండక్షరాల దగ్గర సున్నా. 2010లో, ఇలాంటి ఒప్పందంతోనే వచ్చిన ఇండోనేషియా వాళ్లనూ కలుపుకుని, అభ్యర్థుల్లో పాసైనవాళ్లు మొత్తం ముగ్గురు. వాళ్లలో ఫిలిప్పీన్స్ నర్సు ఒక్కరు. పత్రికలు గోల చేశాక కష్టమైన లిపి పక్కన ఉచ్చారణ, వ్యాధుల పేర్ల పక్కన ఇంగ్లీషు చేర్చారు.

సాంకేతిక ఇంటర్న్ పథకంలోకి భారతదేశం 2017 అక్టోబరులో ఒప్పందంతో చేరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్ కొలువులకు భాష నేర్పి నర్సులను పంపుతున్నది ఆ తర్వాతి కాలంలోనే. 2024 జూన్‌లో జపాన్ పార్లమెంటు ఆ ఇంటర్న్ పథకాన్నే రద్దు చేసే చట్టం చేసింది. 2027లో దాని స్థానంలో రాబోయే ఏర్పాటుకు పేరు ఇంకా నైపుణ్యాల పెంపుదే. కాకపోతే అది కార్మికుల కొరత తీర్చడానికే అని చట్టం దాచకుండా చెబుతుంది. ఒకటి రెండేళ్లు పనిచేసి, భాషలో, పనిలో నిర్ణీత స్థాయి అందుకున్నవాడు అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు.